ఇంకా ఇదేనా?

పోయిన నెల పెళ్లికని మా బావమరిది హైదరాబాదు నుంచి ఒడిశాలోని మా బరంపురం వచ్చాడు. స్టేషను బయట వేపచెట్టు కింద నా మారుతి 800, దాని పక్కన నేను. ఇద్దరికీ రంగు వెలిసింది. అతను పెట్టె కింద పెట్టి, నన్ను పైనుంచి కిందికి చూసి, కారును ఆ చివరి నుంచి ఈ చివరికి చూసి, "బావా, ఇంకా ఇదేనా?" అన్నాడు.

ఈ మూడక్షరాల "ఇదేనా" నాకు కొత్త కాదు. దాని ముందున్న రెండక్షరాల "ఇంకా"తోనే పేచీ. పదేళ్లుగా నేను దీని మీద పరిశోధన చేస్తున్నాను, ఏ విశ్వవిద్యాలయమూ సొమ్ము ఇవ్వకపోయినా. తేలినదేమిటంటే, ఈ ప్రశ్న అడిగేవారిలో అధికభాగం వాయిదాలు కట్టుకుంటున్నవారు. అప్పు తీరిపోయిన వస్తువు కళ్లెదుట కదులుతూ ఉంటే వారికి అజీర్తి చేస్తుంది. రెండోరకం వారికి అసలు కారే ఉండదు. కల్యాణ మండపం గేటు దగ్గర ఈల పట్టుకున్న కుర్రాడు సైకిలు మీద వస్తాడు, నా కారును మాత్రం జనరేటరు వెనక్కి, వంట గిన్నెలు కడిగే చోటికి పంపిస్తాడు. పెళ్లికొడుకు తరఫువారి ఫొటోల్లో పడకూడదట.

రాగి చెంబు పాతదైతే పురావస్తువు. బరంపురం పట్టుచీర పాతదైతే అమ్మమ్మగారిది, పెట్టెలోంచి తీసి వాసన చూసి కళ్లు తుడుచుకుంటారు. ఆవకాయ పాతదైతే అతిథులకే వడ్డిస్తారు. కారు పాతదైతే మాత్రం ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం.

కారు సంగతి కొంచెం చెప్పాలి. 2006లో కొన్నాను. మూడు సిలిండర్లు, 796 సీసీ, ఏసీ లేదు. ఈ రకం మొదటి కారు 1983 డిసెంబరులో రోడ్డెక్కింది, ఆఖరిది 2014 జనవరిలో కర్మాగారం దాటింది. మధ్యలో ఈ దేశం పాతిక లక్షలకు పైగా కొన్నది. అంటే ఇవాళ "ఇంకా ఇదేనా" అంటున్న పెద్దమనుషుల్లో చాలామంది స్టీరింగు పట్టడం నేర్చుకున్నది దీని మీదనే. నేర్పిన మాస్టారిని బజారులో చూసి తల తిప్పుకునే విద్యార్థులు నాకు తెలుసు, ముప్పై ఏళ్లు బడిలో పనిచేశాను కదా.

లోపాలు లేవని నేననను. ప్రమాదంలో గుండెకు అడ్డుపడే గాలి సంచులు లేవు. హైవే మీద లారీ పక్కనుంచి దూసుకుపోతే కారు వినయంగా ఒక్కసారి వంగి లేస్తుంది. అందుకే హైవే మానేసి నాలుగేళ్లయింది. మా నాలుగు వీధులు, కూరగాయల బజారు, స్టేషను, ఆసుపత్రి, అంతే దాని ప్రపంచం. తలుపుల అద్దాలు దించే పిడుల్లో ఇప్పుడు ఒక్కటే మిగిలింది. దాన్ని సీట్ల మధ్య చిన్న గుంటలో పెడతాం. ఎవరికి గాలి కావాలంటే వారి చేతికి అందిస్తాం; వారు తమ తలుపుకు తగిలించుకుని, తిప్పుకుని, మర్యాదగా తిరిగి ఇస్తారు. పెళ్లిలో పన్నీరు బుడ్డి తిరిగినట్టు తిరుగుతుంది. ఆ రోజు స్టేషను నుంచి వస్తూ మా బావమరిది కూడా తిప్పుకున్నాడు, ఏసీ లేదని సణుగుతూ.

ఇంతకీ ఇతను రైల్లో ఎందుకు వచ్చాడు? రెండు టన్నులు దాటిన సొంత బండి ఉండగా? అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

కిందటి చైత్రంలో బూఢీ ఠాకురాణి జాతర జరిగింది. రెండేళ్లకొకసారి అమ్మవారు పుట్టింటికి వచ్చే జాతర అది. ఒడిశా గడ్డ మీద మన తెలుగు నేతవారు తరతరాలుగా నడిపిస్తున్నారు; వారి పెద్దను దేశిబెహరా అంటారు. రాత్రుళ్లు ఆడవాళ్లు ఘటాలు నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరుగుతారు. ఆ జాతరకు మా బావమరిది కొత్త బండి తెచ్చాడు. అది మా వీధి మొగలో నిలబడగానే నాలుగిళ్లవాళ్లు కరెంటు పోయిందనుకుని బయటికి వచ్చారు. కరెంటు ఉంది, వెలుతురుకు బండి అడ్డం వచ్చింది, అంతే.

మా వీధికి రెండు వైపులా అరుగులు పోగా మిగిలేది ఏడడుగులు. నా కారు వెడల్పు నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు కూడా లేదు. అతని బండి ఆరడుగులు దాటింది. "బయటే పెట్టవయ్యా" అన్నాను. "బావా, దీనికి నాలుగు వైపులా కెమెరాలున్నాయి" అన్నాడు. కెమెరాలుంటే గోడలు జరుగుతాయని అతనికి ఎవరు చెప్పారో తెలియదు.

సగం వీధి వచ్చాడు. బండి కీచుకీచుమనడం మొదలుపెట్టింది. కుడివైపు గోడ ఉందని ఒక కూత, ఎడమవైపు గోడ ఉందని మరొక కూత, వెనక జనం ఉన్నారని ఇంకొక కూత. పుట్టి బుద్ధెరిగిన రోజు నుంచి మాకు ఆ గోడలు తెలుసు, కానీ బండి అప్పుడే కనిపెట్టింది. ఇంతలో వీధి మొత్తం ట్రాఫిక్ పోలీసులైపోయారు. ఈ అరుగు మీద మా తెలుగు పెద్దమ్మలు, ఆ అరుగు మీద ఎదురింటి ఒడియా మాస్టారు. ముందు వీధి కాలువ మీది పలక పగిలి ఉందని పెద్దమ్మలకు తెలుసు. "ఆగు! ఆగు!" అని అరిచారు. ఒడియా మాస్టారికి పలక సంగతి గుర్తులేదు. ఇంకాస్త ముందుకు పోతే వీధి వెడల్పవుతుందని ఆయన లెక్క. ఒడియాలో ముందుకు అనడానికి ఏమంటారో మా ఊరివాళ్లకు చెప్పనక్కరలేదు. "ఆగకు! టికె ఆగకు!" అని, అంటే ముందుకు, కాస్త ముందుకు అని, ఆయన చేతులూపారు.

హైదరాబాదు చెవికి ఒకవైపు ఆగు, ఒకవైపు ఆగకు. ఒడియా మాట ఒడియాలో ఉన్నా, అతనికి తెలుగులోనే వినబడింది. చిత్రమేమిటంటే తెలుగులో విన్నా అర్థం మారలేదు. రెండు భాషలూ కలిసి ఒకే ఆజ్ఞ ఇస్తే మీరైనా ఏం చేస్తారు? అతను ఆగలేదు. పలక రెండు ముక్కలైంది. ముందు చక్రం కాలువలోకి దిగింది. బండి లోపలి నుంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో చాలా మర్యాదగా ఏదో చెప్పింది. "ఏమంటోంది?" అని పెద్దమ్మ అడిగితే, "కాలువ ఉందంటోంది" అని ఎవరో అన్నారు.

సరిగ్గా అప్పుడు డప్పులు వినిపించాయి. వీధి ఆ చివర ఘటాలు వస్తున్నాయి. అమ్మవారికి వెనక్కి నడిచే అలవాటు లేదు. మగ్గాలు నేసే పిల్లలు పదిహేనుమంది, ఇద్దరు రిక్షావాళ్లు, పూనకం రావడానికి సిద్ధంగా ఉన్న ఒకావిడ, అందరూ కలిసి పట్టి బండిని పైకెత్తారు. తలుపులు తెరుచుకునే చోటు లేదు కాబట్టి లోపలున్న మా బావమరిది పైకప్పు కిటికీలోంచి బయటికి వచ్చి, వంగి, అమ్మవారికి దండం పెట్టాడు. లక్షలు పోసి పెట్టించుకున్న ఆ కిటికీకి అదొక్కటే ప్రయోజనం నేను చూసింది. తరువాత మెకానిక్కును ఎక్కించుకు రావడానికి ఇద్దరం నా కారులో బయలుదేరాం. మోకాళ్లు గడ్డానికి ఆనుతుండగా అతను ముందు సీట్లో సర్దుకుని, పిడి అందుకుని, అద్దం దించుకుని, అన్నాడు కదా: "బావా, మీరు ఇంకా ఇదేనా?"

సరే. ఇతన్ని క్షమించవచ్చు, బంధువు. ప్రభుత్వం కూడా అదే ప్రశ్న అడిగితే ఏం చేయాలి?

ప్రైవేటు కారుకు రిజిస్ట్రేషను పదిహేనేళ్లు. ఆ తరువాత ఫిట్‌నెస్ చూపించి, అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. 2021లో నేను పొడిగించినప్పుడు రుసుము 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది. 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. నా కారుకు మొన్ననే ఇరవై నిండాయి. అమ్మితే ముప్పై వేలు రాని కారును బతికి ఉన్నట్టు ఒప్పించడానికి పది వేలు.

దేనికి పది వేలు? ఏం తప్పు చేసిందని? పొగ ఎక్కువ వదులుతుందా? గొట్టం దగ్గర యంత్రం పెట్టి కొలవండి. బ్రేకులు పడవా? తొక్కి చూడండి. తప్పితే లాక్కుపోయి తుక్కు చేయండి, నేను నోరెత్తను. కొలిచే యంత్రాలన్నీ దగ్గర పెట్టుకుని, పుట్టిన తేదీ చూసి జరిమానా వేస్తారా? నెలకు రెండు వందల కిలోమీటర్లు తిరగని బండి ఇది. ఒక్క మనిషి ఒక్క పాలప్యాకెట్టు కోసం రెండు టన్నుల ఇనుమును ఊరంతా తిప్పితే అడిగేవాడు లేడు. అది కొత్తది కదా! పింఛను డబ్బుతో, సొంత చేత్తో నూనె మార్చుకుంటూ, ఉన్నదాన్ని పాడుచేయకుండా వాడుకున్నవాడే దేశానికి భారమా? వస్తువును జాగ్రత్తగా చూసుకోవడం ఎప్పటి నుంచి నేరమైంది?

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ సాయంత్రం గాలి మొదలయ్యాక ఆటోలు లేవు. ఊరి చివర పాకల్లోని ముసలివాళ్లను ఈ కారులోనే మూడు విడతలుగా బడి భవనానికి చేర్చాం. ఆఖరి విడతలో ఒక బాలింత, పన్నెండు రోజుల పిల్ల. వైపర్లు పనిచేయలేదు, నేను తల బయట పెట్టి నడిపాను. ఆ పిల్ల ఇప్పుడు ఏడో తరగతి చదువుతోంది. ఆర్టీఓ కాగితంలో ఈ సంగతి రాయడానికి గడి లేదు, నేను వెతికాను. వయసు గడి ఒక్కటే ఉంది.

దీనికి తెలివైనవారి సలహా, 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి కొత్తది కొనమని. కళ్లజోళ్లు చవకయ్యాయని కళ్లు పొడుచుకోమన్నట్టుంది.

ఆ కోపంలోనే అమ్మేద్దామని కూడా అనుకున్నాను. పాత కార్లు కొనే ఒక యాప్ నుంచి కుర్రాడు వచ్చాడు. పలక లాంటి ఫోను పట్టుకుని రెండు వందల ప్రశ్నలు అడిగాడు. రివర్సు కెమెరా ఉందా? తల తిప్పి చూస్తాను. తెర ఉందా? ముందు అద్దం ఉంది. అద్దాలు దించే బటన్లు? పిడి ఇచ్చాను, అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఏ భాగమని అడిగాడు. నంబరు కొట్టబోతే ఓఆర్ అని ఉండటం చూసి ఓడీ కాదా అన్నాడు. నాయనా, 2011లో ఒరిస్సా ఒడిశా అయింది, 2012 నుంచి కొత్త బళ్లు ఓడీ అయ్యాయి, నా కారు ఒరిస్సాలోనే ఉండిపోయింది అని చెప్పాను. చివరికి పద్దెనిమిది వేలు అంది యాప్. మా ఆవిడ మంచినీళ్ల గ్లాసు అతని చేతిలోంచి తీసేసుకుంది.

ఇచ్ఛాపురం నుంచి ఒక కిరాణా కొట్టాయన ఫోను చేశాడు, పాతిక వేలు ఇస్తానన్నాడు. మంచివాడే, కానీ ఇచ్ఛాపురం ఆంధ్రలో ఉంది. గంట కూడా పట్టని దారి. అమ్మాలంటే నేను ఇక్కడి ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదని కాగితం తేవాలి, ఆయన అక్కడ మళ్లీ రిజిస్ట్రేషను చేయించాలి, పన్ను మళ్లీ కట్టాలి. 1936 ఏప్రిల్ 1న గీసిన గీత అది. మా తాత ఆ రోజు పొద్దున లేచేసరికి కదలకుండానే మద్రాసు నుంచి ఒరిస్సాకు వచ్చేశాడు, ఏ కాగితమూ లేకుండా. కారుకు ఆ వెసులుబాటు లేదు.

అయినా ఆయన వచ్చి చూస్తానన్నాడు. సరిగ్గా ఆ పొద్దున నేను కారు తుడుద్దామని వెళితే గుంటలో పిడి లేదు. సీట్ల కింద లేదు, డిక్కీలో లేదు. నా పక్క అద్దం సగం దిగి ఉంది, ఎక్కదు. ఇల్లంతా వెతికాక హైదరాబాదు నుంచి ఫోను. "బావా, చొక్కా ఉతకడానికి వేస్తుంటే జేబులో ఇనుప వస్తువేదో దొరికింది. ఇది మీదేనా?"

పిడిని కొరియరులో పంపాడు. నిన్నటికి భువనేశ్వర్ చేరిందట. కిరాణా ఆయనకు పిడి వచ్చాక రమ్మని చెప్పాను. ఈలోగా తెరిచి ఉన్న సగం కిటికీలోంచి వీధి పిల్లి ఒకటి లోపలికి దూరి వెనక సీట్లో ఈనింది. నాలుగు పిల్లలు. కళ్లు ఇంకా తెరవలేదు.