జక్కయ్య తిరిగి ఇచ్చాడు

విశాఖలో చలికాలం వచ్చిందంటే గాజువాక నుంచి మధురవాడ దాకా ఏదో ఒక మైదానంలో సువార్త మహాసభల పందిరి లేస్తుంది. చివరి రాత్రి వాక్యం ముగియగానే ముందుకు రమ్మని పిలుపు వస్తుంది. జనం మోకాళ్ళ మీద పడి ఏడుస్తారు. ఆ ఏడుపును నేను శంకించను. అక్కడ తాగుడు మానేసినవాళ్ళున్నారు, చచ్చిపోదామనుకుని ఆగిపోయినవాళ్ళున్నారు. నా ప్రశ్న మర్నాటి గురించి. ఆ రాత్రి ఏడ్చిన మనిషి తాను ఎవరి సొమ్ము తిన్నాడో, ఎవరి పరువు తీశాడో వాళ్ళ ఇంటికి వెళ్తాడా? వెళ్ళాలని మన క్రైస్తవ సంఘాలు అతనికి చెబుతున్నాయా?

చాలాచోట్ల చెప్పడం లేదు. మారుమనస్సును, అంటే పాపం విడిచి దేవుడి వైపు తిరగడాన్ని, దేవుడికీ పాపికీ మధ్య మాత్రమే జరిగే వ్యవహారంగా మార్చేశాం. అన్యాయానికి గురైన మనిషికి అందులో చోటే లేదు. మారినవాళ్ళు కూటాల్లో తమ గురించి చెప్పుకునే సాక్ష్యాల్లో వినబడే పాపాల జాబితా చూడండి: సిగరెట్టు, సారా, సినిమా, పేకాట. అప్పు ఎగ్గొట్టాను, కట్నం తీసుకున్నాను, సంతకం పెట్టడానికి లంచం తీసుకున్నాను అన్న సాక్ష్యం ఎంత అరుదో సంఘంలో పెరిగిన ఎవరికైనా తెలుసు. మొదటి రకం పాపాలకు మానెయ్యడం చాలు. రెండో రకానికి తిరిగి ఇవ్వడం కూడా కావాలి. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ సంగతి లూకా సువార్త చెప్పినంత సూటిగా మరో సువార్త చెప్పదు. ఆ సువార్తకు మన ఊరితో పాత బంధం ఉంది. 1805లో లండన్ మిషన్ తరఫున విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడే తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో లేఖనాలను తెనిగించే పనిలో దిగారు. 1810 నాటికే ఆ మిషనరీలిద్దరూ కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సెరంపూర్‌లో అచ్చయ్యాయి. పన్నులు వసూలు చేసే సుంకరి జక్కయ్య కథ లూకాలో తప్ప మరెక్కడా లేదు. యెరికో సుంకరిని తెలుగువాళ్ళు అచ్చులో చదువుకోగలిగింది ఈ ఊళ్ళో మొదలైన ఆ శ్రమ వల్లే.

ఆ కథలో మనం యేసును చూడడానికి జక్కయ్య చెట్టెక్కడాన్ని ఆదివారం బడి పిల్లలకు పాటగా నేర్పించి, అసలు మాటను దాటేస్తాం. "నా ఆస్తిలో సగము బీదలకిచ్చుచున్నాను" అన్నాడు జక్కయ్య. అన్యాయంగా తీసుకున్నది ఏదైనా ఉంటే నాలుగంతలు చెల్లిస్తానన్నాడు. మోషే ధర్మశాస్త్రం అంత అడగలేదు. తప్పు తానే ఒప్పుకున్నవాడు అసలు, దానిమీద ఐదో వంతు కలిపి ఇస్తే చాలని సంఖ్యాకాండం ఐదో అధ్యాయం చెబుతుంది. నాలుగంతలన్నది గొర్రెను దొంగిలించి కోసుకున్నవాడికో, అమ్ముకున్నవాడికో నిర్గమకాండం వేసిన శిక్ష. దాన్ని జక్కయ్య తన నోటితో తనకే వేసుకున్నాడు.

ఇక్కడ ఒక వరస ఉంది, దాన్ని తారుమారు చెయ్యకూడదు. యేసు ముందు లెక్కలు చూపించమనలేదు. నీ ఇంట్లో ఉండాలి, త్వరగా దిగు అన్నాడు. కృప ముందు వచ్చింది, తిరిగి ఇవ్వడం దాని వెనక వచ్చింది. డబ్బు పోసి క్షమాపణ కొనడం వేరే సంగతి. 1517లో ప్రొటెస్టెంటు ఉద్యమానికి నాంది పలికిన లూథర్ పాపపరిహార పత్రాల అమ్మకం మీద విరుచుకుపడింది అందుకే. ఆయన తొంభై ఐదు వాదాల్లో మొట్టమొదటిది విశ్వాసి జీవితమంతా మారుమనస్సుగా ఉండాలని చెబుతుంది. దాన్ని ఒక్క రాత్రికి కుదించినవాళ్ళు తాము లూథర్ వారసులమని చెప్పుకోవడం నాకు బాధగా ఉంటుంది.

తిరిగి ఇచ్చినంత మాత్రాన సరిపోదనడానికి సువార్తలోనే సాక్షి ఉన్నాడు, యేసును డబ్బుకు పట్టిచ్చిన శిష్యుడు యూదా. అతడు ముప్పై వెండి నాణేలూ తిరిగి తెచ్చాడు, పాపం చేశానని కూడా ఒప్పుకున్నాడు. కానీ తాను పట్టిచ్చిన గురువు వైపు తిరగలేకపోయాడు. ఆ సన్నివేశంలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ప్రధానయాజకుల జవాబు. "దానితో మాకేమి? నీవే చూచుకొనుము" అన్నారు. కుమిలిపోతూ మందిరానికి వచ్చిన మనిషిని మందిరం పెద్దలే గెంటేశారు. యేసు ఎవరో ఎరగనని బొంకిన శిష్యుడు పేతురూ తప్పాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు. కానీ అతడు తాను ఎరగనన్న ప్రభువుకు ఎదురుపడ్డాడు. మూడుసార్లు బొంకిన నోటితోనే, చేపలు కాలుతున్న నిప్పుల దగ్గర, మూడుసార్లు జవాబు చెప్పాడు.

దావీదు యాభై ఒకటో కీర్తనలో "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అంటాడు కదా, మరి మనుషుల సంగతెందుకు అని అడిగేవాళ్ళున్నారు. దావీదు ఎవరి భార్యను తీసుకుని, ఎవరిని యుద్ధంలో చంపించాడో ఆ ఊరియా అప్పటికి చచ్చిపోయాడు. ఎవరికి తిరిగి ఇస్తాడు? పేదవాడి గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథ ప్రవక్త నాతాను చెప్పినప్పుడు, ఆ ధనవంతుడు నాలుగింతలు చెల్లించాలని తీర్పు చెప్పింది దావీదే. క్షమాపణ దొరికాక కూడా ఆ తప్పు ఫలితాన్ని అతని ఇల్లు అనుభవించింది. ఆ ఒక్క వచనాన్ని పట్టుకుని బతికున్న ఊరియాలను తప్పించుకుంటే అది కీర్తనకే అన్యాయం.

ఇది ఒక్క శాఖకు చెందిన బోధ కూడా కాదు. అపహరించినది తిరిగి ఇవ్వగలిగి ఉండి ఇవ్వకపోతే పశ్చాత్తాపం నటనేనని క్రైస్తవ బిషప్పు అగస్టీన్ ఐదో శతాబ్దంలోనే రాశాడు. జ్ఞానాపురం కథీడ్రల్‌లో ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలంలో పాపసంకీర్తనానికి, అంటే గురువు ముందు పాపాలు ఒప్పుకోవడానికి, నిలబడే కథోలికులకు, దొంగసొత్తు తిరిగి ఇవ్వడం, చెడగొట్టిన పేరు నిలబెట్టడం పశ్చాత్తాపంలో భాగమని వారి సత్యోపదేశమే చెబుతోంది. ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గరకు రమ్మని పిలిచేటప్పుడు నిజంగా మారుమనస్సు పొందినవారిని, పొరుగువారితో ప్రేమగా ఉన్నవారిని అంటూ ఆ రెండిటినీ ఒకే వాక్యంలో పెట్టింది. బోధ మన దగ్గర ఎప్పుడూ ఉంది, అడగడమే మానేశాం.

కట్నం సంగతే తీసుకుందాం. 1961 చట్టం కట్నాన్ని నేరమంది. తీసుకున్నది భార్యకు బదలాయించాలని అందులోని ఆరో సెక్షన్ చెబుతోంది. క్రైస్తవ కుటుంబాల్లో కట్నం ఆగలేదు, పేరు మారిందంతే: అబ్బాయికి స్థలం, అమ్మాయికి కానుక. ఇరవై ఏళ్ళ కిందట అలా తీసుకున్న విశ్వాసి నిజంగా మనసు మార్చుకుంటే మధురవాడలోని ఆ స్థలాన్ని భార్య పేరు మీద రాయించాలి. దానికి అయ్యే రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా మారుమనస్సులో భాగమే. కులం విషయమూ అంతే. పెళ్ళి సంబంధం ప్రకటనలో క్రైస్తవులమని రాసుకుని, ఆ పక్కనే కులం రాసుకునే ఇల్లు ఏ పాపం వదిలిందో తనను తాను అడగాలి.

అన్నిటికంటే నన్ను కలచివేసేది మరొకటి. భార్యను కొట్టిన మనిషి కూటంలో ఏడ్చి, సాక్ష్యం చెబుతాడు. వెంటనే సంఘం పెద్దలు పుట్టింట్లో ఉన్న ఆవిడ దగ్గరకు వెళ్తారు. "ఆయన మారిపోయాడమ్మా, ప్రభువే క్షమించాడు, నువ్వు క్షమించవా?" అంటారు. ఇది దారుణం. ఒకరి మారుమనస్సు రెండోవారి మీద హక్కు ఇవ్వదు. ఆదికాండంలో అన్నలు బానిసగా అమ్మేసిన యోసేపును చూడండి. అన్నలు కళ్ళెదుట నిలబడినా వెంటనే తానెవరో చెప్పలేదు. పక్కకు వెళ్ళి ఏడ్చాడు, కానీ పరీక్షించాడు. తనను అమ్మేసినట్టే తమ్ముడు బెన్యామీనును కూడా వదిలేసి పోతారా అని చూశాడు. అమ్ముదామని అప్పట్లో సలహా ఇచ్చిన అన్న, యూదా అనే పేరే ఉన్న మరొకడు, తమ్ముడికి బదులు నన్ను దాసుడిగా ఉంచుకో అని ముందుకొచ్చాడు. అప్పుడు గానీ యోసేపు బయటపడలేదు. దెబ్బతిన్న మనిషికి చూసే సమయం, అక్కర్లేదనే స్వేచ్ఛ రెండూ ఉండాలి. అవి లేకుండా చేసే రాజీ ఆ ఇంటి ఆడమనిషిని మళ్ళీ ప్రమాదంలోకి తోయడమే.

అందరూ తిరిగి ఇవ్వగలరా? ఇవ్వలేరు. సిలువ మీద దొంగకు గంటలే మిగిలాయి, చేతులు కదలవు, అయినా పరదైసు దొరికింది. చేతులు ఆడుతూ, బ్యాంకులో సొమ్ము ఉన్నవాళ్ళు ఆ దొంగ చాటున దాక్కోకూడదు.

బాప్తిస్మానికి పేరు ఇచ్చినవాడిని పాస్టరుగారు విడిగా కూర్చోబెట్టి, "ఎవరికైనా ఏమైనా బాకీ ఉన్నావా?" అని అడగాలని నా కోరిక. నెలనెలా ప్రభువు బల్లకు ముందు కూడా అదే ప్రశ్న వినబడాలి. సంఘ కమిటీలు తమ స్థలాల లెక్కల గురించి, జీతాలు ఆపిన బైబిలు స్త్రీల (స్త్రీలకు వాక్యం చెప్పే సంఘ సేవికల) గురించి ముందు తామే జవాబు చెప్పాలి. అంత కఠినంగా ఉంటే జనం రారని ఒక వాదన ఉంది. యొర్దాను ఒడ్డున బాప్తిస్మమిచ్చిన యోహాను ఇంతకంటే కఠినంగా మాట్లాడాడు. అయినా జనమే, సుంకరులే, సిపాయిలే ఒకరి తర్వాత ఒకరు వచ్చి మేమేమి చేయాలని అడిగారు. అతడు ఎవరి జవాబు వారికి చెప్పాడు: రెండు అంగీలున్నవాడు ఒకటి ఇవ్వాలి, నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చెయ్యకూడదు, బెదిరించి గుంజకూడదు, జీతంతో తృప్తిపడాలి.