డిజిటల్ ఆడియోలో మెట్లు లేవు

“డిజిటల్ రికార్డింగ్ అంటే మెట్లు మెట్లుగా కోసిన శబ్దం. శాంపుల్ రేటు, బిట్లు పెంచేకొద్దీ మెట్లు చిన్నవై పాట స్పష్టమవుతుంది. మీ ఎంపీ3లన్నీ 192 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్ళుగా మార్చుకోండి.” బొమ్మతో సహా తిరుగుతున్న ఈ మెసేజ్ నాకే నాలుగుసార్లు వచ్చింది.

ముందు ఆ మెట్ల సంగతి. ఫైల్లో ఉండేవి మెట్లు కావు, చుక్కలు. సెకనుకు ఇన్నిసార్లు తరంగం ఎత్తు కొలిచి రాసుకున్న అంకెలు. సెకనుకు ఎన్నిసార్లు కొలిచామన్నదే శాంపుల్ రేటు. ప్లే చేసినప్పుడు, అంకెల్ని తిరిగి తరంగంగా మార్చే కన్వర్టర్ ఆ చుక్కల మీదుగా నున్నటి తరంగాన్నే బయటికి పంపుతుంది. మరి చుక్కల మధ్య ఏం జరిగిందో దానికెలా తెలుసు? శబ్దంలోని అత్యధిక ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలిస్తే, ఆ ఫ్రీక్వెన్సీ దాటకుండా ఆ చుక్కలన్నిటి గుండా పోగల తరంగం ఒక్కటే ఉంటుంది. అమెరికన్ గణితవేత్త క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన పత్రంలో దీని నిరూపణ ఉంది. ఆ మెట్ల బొమ్మ గీసినవాళ్ళు ఇక్కడే పప్పులో కాలేశారు.

శాంపుల్ రేటు తేల్చేది ఎంత కీచు శబ్దం వరకు పట్టుకోగలమన్నది, అంతే. మన చెవికి హద్దు సుమారు 20 కిలోహెర్ట్జ్, వయసుతో అదీ తగ్గుతుంది. 1982లో వచ్చిన సీడీ 44.1 కిలోహెర్ట్జ్‌తో 22 దాకా పడుతుంది. 192 పెడితే 96 దాకా పోవచ్చు. గబ్బిలాల్ని రికార్డ్ చేసేవాళ్ళకు బాగా పనికొస్తుంది.

బిట్ల విషయంలో మాత్రం మెసేజ్‌లో కాస్త నిజముంది. ఒక్కో కొలతను ఎంత సూక్ష్మంగా రాసుకోవచ్చో బిట్లు తేలుస్తాయి. కొలతను దగ్గరి అంకెకు సర్దేటప్పుడు చిన్న తేడా మిగులుతుంది. సరిగ్గా తయారైన రికార్డింగ్‌లో అది సన్నటి హిస్ శబ్దం. ఒక్కో బిట్టు దాన్ని దాదాపు 6 డెసిబెల్స్ కిందికి నెడుతుంది. అంటే 16 బిట్లకు సుమారు 96, 24 బిట్లకు లెక్క ప్రకారం 144. రికార్డ్ చేసేటప్పుడు 24 బిట్ నిజంగా వరమే. గాయకుడు ఉన్నట్టుండి గొంతెత్తితే లెవెల్ గరిష్ఠ హద్దయిన 0 దాటి క్లిప్ అవుతుందన్న, అంటే తరంగం తల తెగి శబ్దం పాడవుతుందన్న టెన్షన్ ఉండదు. మొదటే లెవెల్ బాగా తగ్గించి పెట్టుకుని, తర్వాత పెంచుకోవచ్చు. పూర్తయిన పాట వినడానికి 16 ధారాళంగా సరిపోతుంది.

ఇక ఎంపీ3. పెద్ద శబ్దం చాటున మన చెవికి అందనివాటిని అది తయారైనప్పుడే చాలావరకు తీసిపారేస్తుంది. వేవ్‌గా మారిస్తే పోయినవి తిరిగిరావు. 128 కేబీపీఎస్‌లో 4 నిమిషాల పాట దాదాపు 4 ఎంబీ. ఆ మెసేజ్ చెప్పినట్టు చేస్తే 276 ఎంబీ అవుతుంది, వినిపించేది అదే పాట. అసలు సీడీ ఇంకా మీ దగ్గరుంటే, దాన్నుంచి నేరుగా ఫ్లాక్ అనే ఫైల్ ఫార్మాట్‌లోకి తీసుకోండి. అందులో ఏదీ పోదు.