అరవై పదాల్లో నా జీవిత చరిత్ర

ఎడిటర్ గారు మెయిల్ పెట్టారు. వ్యాసం కింద వేసుకోడానికి మీ గురించి అరవై పదాల్లో రాసి పంపండి, చేసే పని, హాబీలు, పాప్ కల్చర్‌లో ఏమేం ఇష్టమో ఉండాలి, కాస్త సరదాగా ఉండాలి అని. నాలుగు రోజులైంది. అరవై గంటల గేమ్‌కి అయిదు రోజుల్లో రివ్యూ రాసినోణ్ణి, అరవై పదాల దగ్గర ఆగిపోయా. ఇది నా ఒక్కడి సమస్య కాదు, వృత్తి సమస్య, కాబట్టి భావి తరాల పరిశోధకుల కోసం వివరంగా రాసిపెట్టడం నా బాధ్యత.

మొదట చేసే పని దగ్గరే చిక్కొచ్చింది. వీడియో గేమ్ జర్నలిస్ట్ అంటే మా భీమవరం బాబాయికి అర్థమైంది రమ్మీ. తప్పు ఆయనది కాదు, మన దగ్గర గేమింగ్ అనే మాట పేపర్లో పడిందంటే పక్కనే పోలీసులో కోర్టో నిషేధమో ఉండి తీరుతుంది. తెలంగాణలో ఆన్‌లైన్ రమ్మీ 2017లో బంద్, ఆంధ్రాలో 2020లో బంద్, 2025 ఆగస్టులో ఏకంగా సెంటర్ వాళ్లే చట్టం చేసి డబ్బులు పెట్టి ఆడేవన్నీ మూయించేశారు. ఆ వార్త వచ్చిన రోజు బాబాయ్ ఫోన్ చేసి ఎంతో ఆప్యాయంగా "ఏరా, మీదంతా ఎత్తేశారంటగా, వచ్చెయ్, చెరువుల లెక్కలు చూసుకుందువుగాని" అన్నాడు. అంతకుముందు 2020 సెప్టెంబర్‌లో పబ్‌జీ ఆపేసినప్పుడైతే ఇంటికే వచ్చాడు, అరటిపళ్లు పట్టుకుని.

పోనీ రోజూ చేసేదేంటో చెబుదామా అంటే అదీ నమ్మేలా ఉండదు. గేమ్ కంపెనీ వాడు రివ్యూ కోడ్, అంటే విడుదలకి ముందే గేమ్ తెరుచుకునే తాళంచెవి లాంటిది, పంపుతాడు, దాంతోపాటు ఎంబార్గో అని ఒకటి, అంటే ఫలానా తేదీ ఫలానా టైం దాకా నోరు మెదపకూడదు, కథలో ఫలానా ఘట్టం గురించైతే ఆ టైం దాటినా మెదపకూడదు. వేసవిలో ఆ టైం మనకి తరచుగా రాత్రి 7:30 అవుతుంది, ఎందుకంటే అప్పుడు న్యూయార్క్‌లో పొద్దున పది. అక్కడోళ్లు కాఫీ తాగుతూ పబ్లిష్ బటన్ నొక్కుతారు. ఇక్కడ అది అమ్మ సీరియల్ టైం, ఇంట్లో టీవీ ఒక్కటే. చివరి గంటలో స్క్రీన్‌షాట్లు తీస్తూ నేను, రిమోట్ పట్టుకుని వెనకాల అమ్మ.

"ఆట ఆపరా."

"ఆట కాదమ్మా, డ్యూటీ."

"డ్యూటీలో గుర్రం ఎందుకెక్కావు?"

దీనికి జవాబు ఏ జర్నలిజం కాలేజీలోనూ చెప్పరు. ఇంతా చేసి రాసిన రెండువేల పదాల రివ్యూ కన్నా ఎక్కువమంది చదివేది ఏంటో తెలుసా, ఇవాళ్టి వర్డిల్ (రోజుకో ఇంగ్లీష్ మాట కనిపెట్టే ఆట) జవాబు ఏంటి అని నేనే పొద్దున పళ్లు తోముకుంటూ పెట్టిన నాలుగు లైన్ల ముక్క.

ఇక మార్కుల సంగతి. గేమ్‌కి పదికి మార్కులేస్తాం, రాజ్యాంగం ప్రకారం సున్నా నుంచి పది దాకా వేయొచ్చు, ఆచారం ప్రకారం లెక్క ఏడు నుంచి మొదలవుతుంది. ఏడంటే ఏంటో ఫారినోళ్లకి పేజీలు పేజీలు వివరించాల్సొస్తుంది గానీ తెలుగోడికి ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ఏడంటే 2.75. సినిమా బాలేదు అనే ధైర్యం లేదు, బాగుంది అనే మనసూ లేదు, ఆ పావు మార్కులోనే మన నాగరికత మొత్తం ఉంది. ఎనిమిదిన్నర వేశామా, ఎంత తీసుకున్నావ్ అని ఒక వర్గం. ఏడు వేశామా, మా కన్సోల్ మీద, అంటే టీవీకి తగిలించి గేమ్స్ ఆడుకునే డబ్బా మీద, పగ అని ఇంకో వర్గం. మన హీరోల ఫ్యాన్స్ నయం, కనీసం కటౌట్‌కి పాలన్నా పోస్తారు, వీళ్లకి ప్లాస్టిక్ డబ్బా మీద అంత ప్రేమ ఎలా వస్తుందో నాకైతే ఇప్పటికీ తెలీదు.

అలాగని మార్కుల్ని తేలిగ్గా తీసుకోడానికీ లేదు. 2010లో ఫాలౌట్ న్యూ వెగాస్ అని గేమ్ వచ్చింది, చేసిన స్టూడియో అబ్సిడియన్. అందరి రివ్యూలూ కలిపి లెక్కగట్టే మెటాక్రిటిక్ అనే సైట్‌లో వందకి 85 వస్తే బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84. ఒక్క మార్కుతో ఎంసెట్ సీటు పోయినోళ్లున్న ఇళ్లల్లో ఈ కథ చెబితే అన్నం ముట్టరు. అది చదివిన దగ్గర్నుంచి నేను ఏడు వేసే ముందు ఒక నిమిషం కళ్లు మూసుకుంటా. తర్వాత ఏడే వేస్తా.

మరి ఇంత అధికారం చెలాయించేవాడికి ఆట బాగా వచ్చుండాలి కదా అని మీకు డౌట్ రావచ్చు. రానక్కర్లేదు. 2017లో జర్మనీలో గేమ్స్‌కామ్ షోలో కప్‌హెడ్ అనే గేమ్ ఆడిన ఒక సీనియర్ జర్నలిస్ట్, అసలు ఆట మొదలవకముందు వచ్చే ఆట నేర్పే ట్యుటోరియల్‌లోనే, గాల్లోకి ఎగిరి డ్యాష్ కొట్టడం, అంటే ఒక్క ఊపులో ముందుకి దూసుకెళ్లడం, కుదరక ఇరుక్కుపోయాడు. ఆ 26 నిమిషాల వీడియోని అతని సైట్ వాళ్లే పెట్టుకున్నారు, ప్రపంచమంతా పడీపడీ నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. నిలబడి చూశా, జాతీయ గీతం వచ్చినప్పుడు నిలబడ్డట్టు. ఎందుకంటే ఎల్డెన్ రింగ్ అనే గేమ్ మొదట్లోనే బంగారు కవచం వేసుకుని గుర్రం మీద తిరిగే వాడొకడుంటాడు, వాడి చేతిలో నేను ఎన్నిసార్లు చచ్చానో మా అక్క కొడుక్కి లెక్క తెలుసు. వాడికి ఎనిమిదేళ్లు. "మామయ్యా, వాణ్ణి ఇప్పుడే కొట్టక్కర్లేదు, పక్కనుంచి వెళ్లిపోవచ్చు" అన్నాడు. నేను వాడికి విమర్శకుడి బాధ్యత గురించి పది నిమిషాలు చెప్పి, తర్వాత పక్కనుంచి వెళ్లిపోయా.

ఇంక వచ్చే గేమ్స్ గురించి రాయడం, అంటే రాని గేమ్స్ గురించి రాయడం. కార్లు కొట్టేసి ఊరంతా తిరిగే గేమ్ జీటీఏ 5 వచ్చింది 2013 సెప్టెంబర్‌లో. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఇంకా ఒక్కటే రాష్ట్రం. ఆరోది ఎప్పుడూ ఎప్పుడూ అని మేం రాస్తూ ఉండగానే రాష్ట్రం రెండయింది, 2015లో అమరావతికి శంకుస్థాపన జరిగింది, మధ్యలో చాలా జరిగాయి, 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు మళ్లీ మొదలుపెట్టారు. సరిగ్గా అదే రోజు, 2025 మే 2నే, దాన్ని తయారుచేసే రాక్‌స్టార్ వాళ్లు జీటీఏ 6ని 2026 మే 26కి వాయిదా వేశారు. నేను ఆ పూట రెండు వార్తలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నా. తర్వాత నవంబర్ 19 అన్నారు. నన్నడిగితే ఇది నేనూ బాబాయీ ఒకరి బాధ ఒకరు అర్థం చేసుకోగలిగే ఏకైక టాపిక్.

పాప్ కల్చర్ అన్నారు కదా. విదేశీ మిత్రుల పరిచయాలన్నీ చూశా కాపీ కొడదామని, అందరికీ ఒక పిల్లి, ఒక కాఫీ, జపాన్ కార్టూన్లు, ఆడకుండా వదిలేసిన గేమ్స్ కుప్ప. నాకు కుప్ప ఒక్కటే ఉంది, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్స్ కొట్టులో సేల్ పెట్టినప్పుడల్లా కొన్నవి 412, తెరిచి చూసినవి అరవై. అయితే ఒక్కసారి మాత్రం పాప్ కల్చర్ నా పరువు కాపాడింది. 2025 జూన్‌లో డెత్ స్ట్రాండింగ్ 2 అని గేమ్ వచ్చింది, అందులో రాజమౌళి గారు, వాళ్లబ్బాయి కార్తికేయ కనిపిస్తారు, ఆ గేమ్ చేసిన కోజిమా అనే జపాన్ ఆయన పెట్టుకున్నాడు. అంతే, పదేళ్లుగా నా వృత్తిని గుర్తించని బంధువర్గం ఒక్క సాయంత్రంలో గుర్తించింది. బాబాయ్ వీడియో కాల్ చేసి మరీ "రాజమౌళి ఉన్నాడంటే మంచి ఆటే అయ్యుంటుంది, ఫైట్లెన్ని?" అన్నాడు. ఆ గేమ్‌లో ప్రధానంగా చేసేది వీపు మీద పార్సిళ్లు పెట్టుకుని కొండలెక్కి డెలివరీ చేయడం అని చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు. "ఎండలోనా?" అన్నాడు చివరికి.

మిగిలింది హాబీలు. అసలు కష్టం ఇక్కడే, ఎందుకంటే నా హాబీ గేమ్స్ ఆడటం, దాన్ని తీసుకెళ్లి ఉద్యోగంలో కలిపేశా, ఇప్పుడు ఆ గడి ఖాళీ. ఆదివారం రిలాక్స్ అవుదామని గేమ్ పెడితే చెయ్యి దానంతటదే నోట్స్ రాస్తోంది, మెనూలో అక్షరాలు చిన్నగా ఉన్నాయి, రెండో లెవెల్లో నీళ్లు బాగున్నాయి అని. ఆడకుండా మనసుపెట్టి చేసిన పని ఏదన్నా ఉందా అని బాగా వెతికితే ఒకటే తేలింది. ఆ మధ్య పవర్‌వాష్ సిమ్యులేటర్ అని ఒక గేమ్‌కి రివ్యూ రాస్తున్నా, అందులో శత్రువులు లేరు, ప్రెషర్ పైపు పట్టుకుని మురికి కడగడమే, మొదటి పని మన వ్యాన్ మనమే కడుక్కోవడం. నలభై నిమిషాలు శ్రద్ధగా, టైర్ల సందుల్లో కూడా వదలకుండా కడిగా. వెనక్కి తిరిగితే అమ్మ, సీరియల్ టైం కూడా మర్చిపోయి చూస్తోంది. ఏమీ అనలేదు. బాల్కనీలోకి వెళ్లి చీపురూ బకెట్టూ తెచ్చి నా ముందు పెట్టింది.

కాబట్టి ఎడిటర్ గారికి పంపేశా. హాబీలు: ప్రతి ఆదివారం బాల్కనీ కడగడం. అమ్మ రేటింగ్ 2.75, మూలలు వదిలేశానంట.