సాల్వియా ఒక్క సీజన్ మొక్క అని ఎవరు చెప్పారండీ

కాలిఫోర్నియా బే ఏరియాలో మన తెలుగు గార్డెనింగ్ గ్రూపుల్లో స్ప్రింగ్ రాగానే సాల్వియా అనే పూలమొక్క గురించి ఒక ఫార్వర్డ్ మొదలవుతుంది. "సాల్వియా ఒక్క సీజన్ మొక్క, గింజల నుంచి సరిగా రాదు, ఏటా నర్సరీ నుంచి తెచ్చుకోండి, ఎండాకాలం రోజూ నీళ్లు పోయండి" అని. చదివి ఊరుకుందామంటే మనసొప్పట్లేదు, ఎందుకంటే ఆ ఆఖరి ముక్క నమ్మి మొక్కల్ని చంపుకుంటున్నారు.

ముందు ఆ ఒక్క సీజన్ సంగతి. స్టోర్లో ట్రేలకి ట్రేలు అమ్మే ఎర్ర సాల్వియా, అదే స్ప్లెండెన్స్, దాన్ని చూసి అందరూ అలా ఫిక్సయిపోయారు. అది కూడా సొంతూరు బ్రెజిల్లో ఏళ్లు బతికేదే, ఇక్కడ చలికాలం ఫ్రాస్ట్ తగిలితే పోతుంది, అంతే. సాల్వియాల్లో దాదాపు వెయ్యి జాతులున్నాయి, 2017లో సైంటిస్టులు రోజ్‌మేరీని కూడా ఇందులోనే కలిపేశారు, మరి రోజ్‌మేరీని ఏటా పీకి కొత్తది పెడుతున్నామా ఎవరైనా? నిజంగా ఏడాది మొక్కలు కావాలంటే చియా ఉంది, అదీ సాల్వియానే, ఒప్పుకుంటా.

గింజల నుంచి రాదనడం ఇంకా అన్యాయం. సాల్వియాల్లోనే ఫారినేసియా, కాక్సినియా, వంటల్లో వాడే సేజ్ ఇవన్నీ హాయిగా మొలుస్తాయి. ఫిబ్రవరిలో ఇంట్లో నారు పోస్తే ఫారినేసియా ఆ ఎండాకాలమే నీలంగా పూస్తుంది, మన చలికి ఆకు రాల్చినా మొదలు నుంచి మళ్లీ చిగురేస్తుంది. చాలామంది చేసే పొరపాటు గింజ మీద మట్టి మందంగా కప్పడం. తడి తగలగానే సబ్జా గింజలాగే చుట్టూ జిగురు కడుతుంది చూడండి, దాన్ని పైపైనే చల్లి కొద్దిగా నొక్కి, 20 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనంలో వెలుతురు తగిలేచోట పెడితే రెండు వారాల్లో మొలకలొస్తాయి. సొంత గింజలు కావాలంటే పువ్వు రాలాక ఎండిన తొడిమ గిన్నెలోకి తొంగి చూడండి, అడుగున నాలుగు దాకా గింజలుంటాయి, నల్లబడ్డాక ఆలస్యం చేస్తే రాలిపోతాయి.

ఇక నీళ్లు. క్లీవ్‌లాండ్ సేజ్ అనే సాల్వియా శాన్ డియాగో కొండల మొక్క, దానికి వాన చలికాలంలోనే, ఎండాకాలం చుక్క ఉండదు. జూలైలో పెద్దాకులు రాల్చేసి చిన్న బూడిదరంగు ఆకులతో ముడుచుకుంటుంది, అది దాని నిద్ర, మనమేమో చచ్చిపోతుందని కంగారుపడి రోజూ పైపు పెడతాం, వేడి బంకమట్టిలో తడి నిలిచి వేరు కుళ్లి అప్పుడు నిజంగానే చస్తుంది. దీన్ని అక్టోబర్, నవంబర్లో నాటండి, వానల్లో వేరు దిగుతుంది, మొదటి ఎండాకాలం మాత్రం వారం పది రోజులకోసారి లోతుగా పోస్తే చాలు. టెక్సస్, మెక్సికో నుంచి వచ్చిన సాల్వియాలకి ఎండాకాలం వాన అలవాటు కాబట్టి వాటికి కాస్త ఎక్కువ కావాలి, అవీ ఇవీ ఒకే డ్రిప్ లైన్ మీద పెట్టకండి.

ఫార్వర్డ్‌లో పావు వంతు నిజం ఎక్కడుందంటే హైబ్రిడ్ల దగ్గర. ఇండిగో స్పైర్స్ గింజ పట్టదు, హాట్ లిప్స్ గింజ వేస్తే అదే ఎరుపు తెలుపు పువ్వొస్తుందని గ్యారంటీ లేదు. వాటికి కొమ్మ కటింగే దిక్కు, అది కూడా పక్కింటివాళ్లని అడిగితే ఊరికే ఇస్తారు.