సవరణ: ఆర్గాన్ 17 అంటే 17 ఎలక్ట్రాన్లు పోయినట్టు కాదు

టోకమాక్ (కేంద్రక సంలీన ప్రయోగాల యంత్రం)లోని ప్లాస్మా, అంటే అతి వేడి అయనీకృత వాయువు, ఉష్ణోగ్రతను ఆర్గాన్ వర్ణపట గీతలతో ఎలా కొలుస్తారో చెబుతూ, మొన్నటి పోస్టులో "ఆర్గాన్ 17 వర్ణపటం అంటే 17 ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆర్గాన్‌ది" అని రాశాను. అది తప్పు. వర్ణపట శాస్త్రంలో లెక్క ఒకటితో మొదలవుతుంది, సున్నాతో కాదు. ఆర్గాన్ 1 అంటే ఏమీ పోని మామూలు పరమాణువు. కాబట్టి ఆర్గాన్ 17లో పోయినవి 16, ఉన్న 18లో మిగిలినవి రెండు. ప్లాస్మా స్పెక్ట్రోస్కోపీ పాఠ్యపుస్తకాల్లో మొదట్లోనే ఉండే విషయం ఇది, నేనే తొందరపడ్డాను.

ఒక్కటే కదా తేడా అనుకోకండి. రెండు ఎలక్ట్రాన్లుంటే అది హీలియంలాంటి అయాన్, దాని ముఖ్యమైన ఎక్స్-రే గీత, తరంగదైర్ఘ్యంలో చెప్పాలంటే, 3.95 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర వస్తుంది. నేను రాసినట్టు ఒక్కటే మిగిలితే హైడ్రోజన్‌లాంటి అయాన్ అవుతుంది, గీత 3.73 దగ్గరికి జరుగుతుంది. ఎక్స్-రేలను విడదీసే స్ఫటికాన్ని 3.95కి అమర్చి, దాని ముందు కూర్చుని 3.73 కోసం వెతికినట్టయింది నా పని!

గీత వెడల్పును బట్టి అయాన్ల ఉష్ణోగ్రత తెలుస్తుందన్న మాటలో మార్పు లేదు. ఇంకొకటి, కొందరు ఆర్గాన్‌ను ఇంధనం అనుకున్నారు. కాదు, కొలత కోసం వదిలే చిటికెడు వాయువు మాత్రమే.