ఇంజిన్ సంగతి తర్వాత, ముందు రేకు చూడండి

మా బందరు ఇంటి వసారాలో ఏళ్ల తరబడి పట్టా కప్పుకొని ఉన్న నాన్నగారి బజాజ్ చేతక్‌ను బాగు చేయించాలా, వదిలించుకోవాలా అన్న విషయంలో మా చుట్టాలు రెండు వర్గాలుగా చీలిపోయారు. ఆ ఖర్చుకు ఇంకొంత కలిపితే మంచి బండే వస్తుంది కదా అని ఒక వర్గం అంటుంటే, నాన్నగారి గుర్తుకు వెల కడతారా అని రెండో వర్గం నొచ్చుకుంటోంది. ఈ రెండు వాదనలలోనూ అసలు స్కూటరు ప్రస్తావనే లేదన్నది నా అభ్యంతరం. అది ఏ స్థితిలో ఉందో, దాని కాగితాలు ఏమయ్యాయో, బాగు చేశాక దాన్ని ఎవరు నడుపుతారో తేలకుండా డబ్బు గురించీ మమకారం గురించీ ఎంత మాట్లాడుకున్నా ప్రయోజనం ఉండదు.

ఆ బండి విలువ తెలియక ఈ మాట అనడం లేదు. ఇటలీ సంస్థ పియాజియోతో లైసెన్సు ఒప్పందం ముగిశాక, వెస్పా నమూనాను అనుసరించి 1972లో బజాజ్ చేతక్‌ను తెచ్చింది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి వేచి ఉంటే తప్ప బండి చేతికి రాని రోజులవి. చేతికి వచ్చిన బండిని వెంటనే అమ్మితే కొన్న ధర కంటే ఎక్కువే పలికేది. మా నాన్నగారు 1986లో కొన్న ఆ స్కూటరు మీదే మా ఇంటికి బియ్యం బస్తా, గ్యాస్ బండ, పండక్కి అత్తయ్య, పరీక్షలకు నేను, అందరమూ ప్రయాణం చేశాం. అయితే ఎంత ప్రేమ ఉన్నా తుప్పు ఆగదు కాబట్టి, నిర్ణయం తీసుకునేటప్పుడు ప్రేమను కాస్త పక్కన పెట్టవలసిందే.

పాత స్కూటరు గురించి అడిగితే చాలామంది మొదట ఇంజిన్ వైపే చూస్తారు, కిక్ దిగుతోందా, స్పార్క్ వస్తోందా అని అడుగుతారు. నా దృష్టిలో అది తలకిందుల పద్ధతి. మోటార్ సైకిల్‌కు గొట్టాలతో చేసిన ఫ్రేమ్ వేరుగా ఉంటుంది. చేతక్‌కు ఒత్తి మలిచిన ఉక్కు రేకే ఫ్రేమ్, అదే బాడీ. ముందు ఫోర్కు, వెనుక ఇంజిన్, పైన సీటు అన్నీ ఆ రేకు మీదే ఆధారపడి ఉంటాయి. కనుక ఆ రేకు లోపల కుళ్లిపోతే పైన ఎంత మెరుగు పెట్టినా నడిపే మనిషి ప్రాణానికి భరోసా ఉండదు. సముద్రపు గాలి తగిలే మా బందరులాంటి ఊళ్లలో ఈ భయం మరీ ఎక్కువ. అందుకని మొదట ఫుట్‌బోర్డు మీది రబ్బరు పట్టీలు ఊడదీయించాను, తర్వాత బండిని ఎడమ పక్కకు పడుకోబెట్టించి, అడుగున స్టాండు బిగించిన చోట, బ్రేక్ పెడల్ చుట్టూ, నడుమ వెన్నెముకలా సాగే చానల్ పొడవునా స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూశాను. స్టాండు దగ్గర రేకు అప్పడంలా విరిగి, అరచేయి పట్టేంత కంత పడింది. నడుమ చానల్ మాత్రం గట్టిగానే ఉంది, మొన దిగలేదు. ఫుట్‌బోర్డు కొత్త రేకు వేసి వెల్డింగ్ చేయించుకోవచ్చు. చానలే పోయి ఉంటే నేను ఆ రోజే వద్దనేవాణ్ని. ఎప్పుడో పుట్టీ పెట్టి రంగు కొట్టిన బండి అయితే అయస్కాంతం ఆనించి చూడాలి, అది అంటుకోని చోట రంగు కింద ఉన్నది ఇనుము కాదు.

ఆ తర్వాతి పరీక్ష కాగితాలది. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆపైన ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 20 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనానికి ఆ రుసుమును కేంద్రం 2025లో 2,000 రూపాయలకు పెంచింది. ఆలస్యానికి కట్టేది, పాత బండ్ల మీద వేసే గ్రీన్ టాక్స్, థర్డ్ పార్టీ బీమా వేరు. యజమాని చనిపోయి ఉంటే వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31, పునరుద్ధరణకు ఫారం 25 పెట్టుకోవాలి. వింటేజ్ కింద నమోదు చేయించమని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు గానీ, 2021 నాటి నిబంధన ప్రకారం అందుకు బండికి 50 ఏళ్లు నిండాలి, పైగా అలా నమోదైన బండిని రోజువారీ పనులకు వాడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, రేకు మీద కొట్టిన చాసీ నంబరు చదవడానికి వీలుగా ఉండాలి. కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడిచి, సుద్ద ముక్క రుద్దితే మా బండి అంకెలు తేటగా కనిపించాయి. మరమ్మతు పేరుతో అక్కడ గ్రైండర్ పెట్టారంటే ఆ బండి చట్టం దృష్టిలో లేనట్టే, కనుక టింకరింగ్, అంటే రేకు పని, చేసే మేస్త్రీకి ఈ ఒక్క మాట ముందే గట్టిగా చెప్పాలి.

ఇంజిన్ గురించి పెద్దగా బెంగ పడనక్కరలేదు. అది 145 సీసీ టూ స్ట్రోక్, విప్పితే భాగాలు తక్కువ. ఏళ్ల తరబడి నిలబడిపోయిన బండికి ఆయిల్ సీళ్లు గట్టిపడతాయి, కార్బురేటర్‌లో పాత పెట్రోలు జిగురులా అంటుకుపోతుంది, ట్యాంకులో తుప్పు పడుతుంది, పిస్టన్ రింగులు బిగుసుకుపోవచ్చు. సిలిండర్ లోపలి గోడ అరగదీయించి (బోరు కొట్టించి) కొత్త పిస్టన్ వేయడం విజయవాడ ఆటోనగర్‌లో ఇప్పటికీ తెలిసిన పనే. బలవంతంగా కిక్ కొట్టి చూడడం మాత్రం చేయకూడదు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కాబట్టి పాత రబ్బరు పైపులు, వాషర్లు అన్నీ మార్చాలి, పెట్రోలు పోసి నెలల తరబడి వదిలేయడం ఇకమీదట అస్సలు కుదరదు.

పొగ సంగతి కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో కొంత పెట్రోలు కాలకుండానే సైలెన్సర్ గుండా బయటికి పోతుంది, దానికి తోడు లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ కూడా కాలుతుంది. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి ఈ బండిని సిద్ధం చేయడం సబబు కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. వారానికి ఒకసారి ఊళ్లో నాలుగు వీధులు తిరగడానికి, దాన్ని నడిచే స్థితిలో ఉంచడానికి మాత్రమే బాగు చేయించాలి. అదే సమయంలో, మా తమ్ముడు అడుగుతున్నట్టు మెరుపు రంగులు, క్రోమ్ గార్డులు, ఎల్‌ఈడీ లైట్లు తగిలించి బొమ్మల కొలువులో పెట్టినట్టు హాల్లో నిలబెట్టడానికి నేను ఒప్పుకోను. నాన్నగారు వాడిన లేత నీలం రంగే వేయిస్తాను, ఆయన చేతిలో అరిగిన గేరు పిడిని మార్చనివ్వను.

ఎవరి బండికైనా రేకు పోయి, కాగితాలు కూడా లేకపోతే, దాన్ని పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేయకుండా అనుమతి ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి అప్పగించి, ఆర్‌టీఓలో రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవడం మంచిది. అలా వదులుకోవడంలో నాకు ఏ తప్పూ కనిపించదు. వచ్చే ఏడు చూద్దాంలే అంటూ పట్టా కింద కుళ్లనివ్వడాన్ని మాత్రం నేను సహించలేను, ఎందుకంటే ఆ వచ్చే ఏడు లోపు వానాకాలం ఒకటి వస్తుంది.

మా బండి రెండు పరీక్షలూ దాటింది కాబట్టి బాగు చేయించడానికే నిశ్చయించాను. అమ్మ, తమ్ముడు సంతకాలు పెట్టిన కాగితాలు సిద్ధమయ్యాయి. రిజిస్ట్రేషన్ పత్రం (ఆర్‌సీ) నా పేరు మీదికి వచ్చాకే బండి ఆటోనగర్‌కు వెళ్తుంది, అక్కడా ముందు ఫుట్‌బోర్డు పని పూర్తయ్యాకే ఇంజిన్ విప్పమని చెప్పాను.