ప్లాన్‌లో ఏడో వరుసకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఏడో వరుస గారికి,

రుషికొండ ఐటీ సెజ్‌లో ప్రాజెక్టు మేనేజరు గారి ఎక్సెల్ షీటులో తమరు అంతా సవ్యమన్నట్టు ఆకుపచ్చగా మెరిసిపోతున్నారు: 'రిక్వైర్‌మెంట్స్ సేకరణ – 5 రోజులు – బిఏ'. బిఏ అంటే బిజినెస్ అనలిస్టు, క్లయింటుకి ఏం కావాలో అడిగి రాసిపెట్టే మనిషి. బిఏల అంతర్జాతీయ సంఘం ఐఐబిఏ వాళ్ల మార్గదర్శి పుస్తకం బాబోక్, మూడో ఎడిషన్ 2015లో బిఏ పని మొత్తాన్ని 6 విభాగాలు, 30 టాస్కులుగా విడదీసింది. తమరు ఒక్క గడిలో కుక్కేశారు. మద్దిలపాలెం షేర్ ఆటోవాడు సైతం తమరికి దండం పెట్టాలి.

గోడౌనుకి గేట్ పాస్ యాప్ కావాలనుకోండి. నాలుగు డిపార్టుమెంట్లు, ఒక్కోదానికి ఇద్దరు, మనిషికి గంట. విన్న గంటను రాసుకోవడానికి ఇంకో రెండు గంటలు. 24 గంటలు, అంటే మూడు రోజులూ సరి. అదీ ఎనిమిదిమందీ చెప్పిన టైముకి సీట్లో దొరికితే! ప్రాసెస్ బొమ్మ, డాక్యుమెంటు, రివ్యూ, సంతకం అన్నీ మిగతా రెండు రోజుల్లో.

'లారీ తూకానికీ చలాన్‌కీ తేడా వస్తే?' అని బిఏ అడిగితే గోడౌన్ మేనేజరు 'అలా రాదండీ' అంటాడు. నైట్ షిఫ్టులో కాటా దగ్గరుండే గుమాస్తాని అడిగితే 'ఏటి బాబూ, రోజూ వస్తాది' అంటాడు. ఆ గుమాస్తాని కలవడానికి తమరిలో గంట లేదు. సంగతి యూఏటీలో, అంటే చివర్లో క్లయింటు మనుషులు యాప్ వాడి చూసే పరీక్షలో, బయటపడుతుంది. స్క్రీనూ, డేటాబేసూ, రిపోర్టూ, టెస్ట్ కేసులూ మళ్లీ మొదటికి. నింద మాత్రం 'బిఏ సరిగా అడగలేదు' అని.

తమరు దయచేసి నాలుగు వరుసలుగా చీలండి: ముఖాముఖీలు, రాత, రివ్యూ, సంతకం. రివ్యూ పక్కన బిఏ పేరు కాదు, క్లయింటు మనిషి పేరుండాలి. తేలని ప్రశ్నలకు వేరే షీటు: ఎవరు చెప్పాలి, ఏ తేదీలోగా. తేదీ దాటితే ఫోన్ చేయాల్సింది ప్రాజెక్టు మేనేజరే. బిఏ మెయిలుకి 'చూస్తాం' అని జవాబొస్తుంది. ఇరువైపుల పెద్దలు కూర్చునే స్టీరింగ్ కమిటీలో పేరు చదువుతానని మేనేజరు అంటే సాయంత్రానికల్లా సంతకమొస్తుంది.

అన్నట్టు, క్లయింటు 'చిన్న మార్పే కదా' అనగానే కాల్‌లోనే 'ష్యూర్' అనేసే మేనేజరు నోటికి తాళం కావాలి, బిఏ ఇంపాక్ట్ తేల్చి చెప్పేదాకా. ఊళ్లో మీటింగులన్నిటికీ బిఏ చేతే మినిట్స్ రాయించడం, ఖాళీగా ఉన్నాడని టెస్టింగులో కూర్చోబెట్టడం కూడా తమరి ఐదు రోజుల్నే తింటున్నాయి.

ఇవేవీ కుదరవంటే, కనీసం రంగైనా పసుపుకి మార్చుకోండి. ఎనిమిదో వరుస డెవలపర్లు సోమవారం దిగుతున్నారు.

ఇట్లు,
తమరి గడిలో ఇరుక్కున్న బిఏలు,
విశాఖపట్నం